కదలని సైకిలు, కదిలే గుండె

కంచికచర్ల నుండి నందిగామ వైపు పోయే రాజమార్గంపై, వేసవిలో పడమటి గాలికి ఎదురుగా సైకిలు తొక్కినవారికి ఒక సంగతి అనుభవపూర్వకంగా తెలిసి ఉంటుంది. గాలి వెనుకనుండి తోడ్పడినంతసేపు మనిషి ప్రక్కవానితో కబుర్లు చెబుతూ సాగిపోగలడు. గాలి ఎదురైన కొంతసేపటికి మాటలు తగ్గుతాయి. ఇంకొంత దూరం పోయేసరికి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తుంది. చివరకు 'ఆఁ', 'ఊఁ' అనడం తప్ప నోట మాట రాదు. దారి అదే, సైకిలు అదే, మనిషి కూడ అతడే. మరి మాట ఆగిపోయిన ఆ చోట దేహంలో ఏమి మారింది? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం దొరకడానికి శాస్త్రలోకానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టినది.

నేడు నగరాలలోనే కాక చిన్న పట్టణాలలోను వ్యాయామశాలలు వెలసినాయి. కొన్నింటిలో ఒక గదినిండా సైకిళ్ళను వరుసగా నిలిపి ఉంచుతారు. అవి అంగుళమైనా ముందుకు కదలవు. వాటిపై కూర్చున్నవారు పాటకు అనుగుణంగా పెడలు త్రొక్కుతూ ఉంటారు. ప్రతివారి మణికట్టు మీదనో, రొమ్మున కట్టుకొన్న పట్టీ నుండి కబురందుకొనే చిన్న తెర మీదనో ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. అది గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొంటున్నదో చెప్పే అంకె. 'నూట నలభై దాటనీయకండి' అనో, 'ఇప్పుడు నూట అరవైకి తీసుకొని రండి' అనో శిక్షకుడు హెచ్చరిస్తూ ఉంటాడు. ఈ అంకె ఎక్కడినుండి వచ్చినది, ఏమి చెబుతున్నది, ఏమి చెప్పలేకపోతున్నది అనే విషయాలను ఈ ప్రసంగంలో విచారింతాము.

నాడి చూడడం మనకు క్రొత్త కాదు. శార్ఙ్గధర సంహితలో నాడీపరీక్ష ఉన్నది. ఆంధ్రదేశపు వైద్యులకు చిరపరిచితమైన బసవరాజీయంలోనూ ఉన్నది. వాతం ప్రకోపించినప్పుడు నాడి పామువలె, జలగవలె ప్రాకుతుందనీ, పిత్తంలో కప్పవలె గెంతుతుందనీ, కఫంలో హంసవలె మెల్లగా నడుస్తుందనీ మన వైద్యులు శిష్యులకు బోధించేవారు. వారు ప్రధానంగా గమనించినది నాడి నడక. నిమిషానికి ఎన్ని కొట్టుకొంటున్నవనే లెక్క అప్పటికి ఎక్కడా లేదు. నిమిషాన్ని నమ్మకంగా కొలిచే సాధనం లేనప్పుడు ఆ లెక్క ఎలా పుట్టగలదు?

పాశ్చాత్య దేశాలలోను పరిస్థితి ఇంతే. పదిహేడవ శతాబ్దపు తొలినాళ్ళలో ఇటలీ దేశపు వైద్యుడు శాంటోరియో ఒక దారానికి గుండు కట్టి ఊగించినాడు. ఆ ఊపు నాడితో సరిపోయేవరకు దారాన్ని పొడిగించో కురచచేసో, దాని పొడుగును బట్టి నాడి వేగాన్ని పోల్చుకొనేవాడు. గుండె రక్తాన్ని దేహమంతటా త్రిప్పుతున్నదని 1628లో విలియం హార్వే నిరూపించినాడు. 1707లో జాన్ ఫ్లాయర్ అనే ఆంగ్ల వైద్యుడు సరిగా ఒక నిమిషంపాటు నడిచే గడియారం చేయించుకొని, దానితో రోగుల నాడిని లెక్కించి గ్రంథం వ్రాసినాడు. నడకను చూసే విద్యకు ఆనాడు లెక్క తోడైనది.

ఇక కదలని సైకిలు కథ. నిజానికి కదలకుండా కాళ్ళు ఆడించే శ్రమ మన పల్లెలలో ఎప్పటినుండో ఉన్నది. ఏతాము త్రొక్కిన మనిషి ఆ దూలం మీద పగలంతా ముందుకూ వెనుకకూ నడిచేవాడు. ఎన్ని క్రోసులు నడిచినా బావి దగ్గరనే ఉండేవాడు. ఎన్ని బానలు తోడినదీ పాటలోనే లెక్క పెట్టుకొనేవారు. పాట సాగుతున్నదంటే ఊపిరి అందుతున్నదన్నమాట. పాట తెగినదంటే మనిషిని మార్చవలసిన వేళ వచ్చినదన్నమాట. దీనిని శాస్త్రమని ఎవరూ అనలేదు గాని, ఇందులోని వివేకానికి శాస్త్రం తరువాత చేరుకొన్నది.

యంత్రంగా చూస్తే, 1796లో లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన కీళ్ళనొప్పుల వారి కోసం చేతులతోను కాళ్ళతోను త్రిప్పే ఒక స్థిరయంత్రాన్ని తయారుచేసినాడు. దానిని శాస్త్రపరికరంగా తీర్చిదిద్దినవారు స్కాండినేవియా దేశాలవారు. 1913లో కోపెన్‌హేగెనులో ఆగస్ట్ క్రోగ్ అయస్కాంతపు పట్టుతో చక్రాన్ని నిరోధించే సైకిలును వర్ణించినాడు. దానివల్ల మనిషి చేస్తున్న పనిని ఇంతని కచ్చితంగా చెప్పడం సాధ్యమైనది. పరుగెత్తే మనిషి ముఖానికి గొట్టం తగిలించి అతని ఊపిరిని పట్టుకోవడం కష్టం. కదలని సైకిలు మీద కాళ్ళు ఆడుతున్నా తల, రొమ్ము నిలుకడగా ఉంటాయి. కనుక పని ఎంత, ఊపిరి ఎంత, నాడి ఎంత అనే మూడింటినీ ఒకేసారి కొలవవచ్చును.

ఆ కొలతలలో ఒక సూత్రం బయటపడినది. తేలిక శ్రమ మొదలు గట్టి శ్రమ వరకు, పని పెరిగిన కొలదీ దేహం తీసుకొనే ప్రాణవాయువు పెరుగుతుంది. దానితోపాటే నాడి కూడ దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. ఈ ఆధారంతో 1954లో స్వీడను దేశస్థులు ఆస్ట్రాండ్, రీమింగ్ ఒక పటాన్ని ప్రకటించినారు. మనిషిని కొద్ది నిమిషాలపాటు ఓ మోస్తరు బరువుతో సైకిలు త్రొక్కించి నాడి చూస్తే చాలు, అతని దేహం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో ఆ పటం నుండి అంచనా కట్టవచ్చును. మనిషిని సొమ్మసిల్లేదాకా పరుగెత్తించవలసిన అవసరం తీరినది.

ఇంతవరకు గుండె మాట. కండరం మాట చెప్పుకొనేటప్పుడు తెలుగువాని ప్రసక్తి రాక తప్పదు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమానాన్ని ఏ. వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్ పండితులు పంచుకొన్నారు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లం పుట్టడమే మూలమని ఆనాటి సిద్ధాంతం. ఆ దశాబ్దంలోనే 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డుకు చేరినాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో దేహద్రవాలలోని భాస్వరాన్ని నీలి రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తూ ఉండగా, భాస్వరం క్రియాటిన్‌తో కూడి ఉన్న ఒక పదార్థం కనిపించినది. కండరం పనిచేసినప్పుడు అది విడిపోతున్నది. విశ్రాంతి ఇస్తే మరల కూడుకొంటున్నది. 1927లో ఈ సంగతి లోకానికి వెల్లడైనది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడ ఇటువంటి పదార్థాన్ని కనుగొన్నారు. దేహంలో శక్తికి చెలామణి నాణెంవంటిదైన ఏ.టీ.పీ.ని 1929లో జర్మనీలో లోమాన్ వేరుచేయగా, ఫిస్కే, సుబ్బారావులు అదే ఏడు స్వతంత్రంగా ప్రకటించినారు. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసిన కండరం కూడ కొంతసేపు ముడుచుకోగలదని చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయినది.

అందుచేత సైకిలు మీద కూర్చుని ఒక్క ఉదుటున పెడలు త్రొక్కే మొదటి కొద్ది క్షణాలు ఈ భాస్వర నిధితోనే గడుస్తాయి. అప్పటికి గుండె వేగం ఇంకా అందుకొని ఉండదు. నాడి చూసి ఆ క్షణాలను అంచనా వేయబోతే తప్పు లెక్క వస్తుంది. వ్యాయామశాలలో అర నిమిషపు వేగపు త్రొక్కుడుకు తెరమీది అంకె ఆలస్యంగా పెరగడానికి, ఆపిన తరువాత కూడ కాసేపు పైనే నిలవడానికి కారణమిదే. వ్యాయామ శిక్షకులు భీమవరపు సుబ్బారావు పేరు తలచుకోదగిన ఘట్టమిది. ఆయన 1948లో న్యూయార్కులో మరణించినాడు.

ఇప్పుడు మాట ఆగిపోయిన చోటికి వద్దాము. ఒక చెరువును ఊహించుకోండి. వాగునుండి నీరు వస్తూ ఉంటుంది, తూము గుండా పోతూ ఉంటుంది. రాకపోకలు సమానమైనంతవరకు నీటిమట్టం మారదు. వాగు ఉరవడి తూము శక్తిని మించితే మట్టం పెరగడం మొదలవుతుంది. శ్రమలో లాక్టేటు సంగతి ఇటువంటిదే. అది ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. దేహం దానిని వాడుకొంటూనే ఉంటుంది. ఒక హద్దు దాటినప్పుడు మాత్రం పుట్టుక వాడుకను మించి రక్తంలో పేరుకొంటుంది. ఆ ఆమ్లత్వాన్ని సరిచేయడానికి ఊపిరి హఠాత్తుగా పెరుగుతుంది. ఊపిరికే నోరు చాలనప్పుడు మాటకు చోటెక్కడిది? ఈ హద్దును ఆంగ్లంలో త్రెషోల్డ్ అంటారు. మనం శ్రమావధి అందాము.

1964లో అమెరికాలో వాసర్‌మాన్, మెకిల్‌రాయ్ వైద్యులు ఊపిరిలోని వాయువులను పరీక్షించి ఈ అవధిని గుర్తించే మార్గం చూపినారు. వారు పరీక్షించినది హృద్రోగులను! నేడు పందెపు సైకిలువీరుల పరిభాషగా వినిపించే ఈ మాటను వారు మొదట వాడినది, బలహీనమైన గుండె ఎంత శ్రమకు తట్టుకోగలదో తెలుసుకోవడానికి. లాక్టేటు కేవలం మలినపదార్థం కాదనీ, గుండెకే అది మంచి ఇంధనమనీ 1980ల నుండి కాలిఫోర్నియాలో జార్జ్ బ్రూక్స్ సాగించిన పరిశోధనలు తేటపరచినాయి. శిక్షణ పొందిన దేహంలో తూము వెడల్పవుతుంది. అదే వాగు, కాని చెరువు అంత త్వరగా నిండదు.

ఈ అవధిని సామాన్యుడు ఎలా పసికట్టాలి? 1957లో ఫిన్లండు దేశపు కార్వోనెన్, ఆయన సహచరులు యువకులకు కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి చూసినారు. విశ్రాంతి నాడికి, గరిష్ఠ నాడికి మధ్యనున్న అంతరంలో సుమారు 60 పాళ్ళయినా పైకెక్కితే తప్ప గుండెకు శిక్షణ ఫలం దక్కలేదని తేలినది. విశ్రాంతిలో 70, గరిష్ఠంగా 170 కొట్టుకొనే మనిషి ఉన్నాడనుకొందాము. అంతరం 100. అందులో 60 పాళ్ళు కలిపితే 130. ఇదీ లెక్క. ఫిన్లండులోనే 1977లో పోలార్ అనే సంస్థ పుట్టినది. తీగ అవసరంలేకుండా రొమ్ము పట్టీనుండి మణికట్టుకు నాడిని చేరవేసే సాధనాన్ని అది 1982లో విపణిలోకి తెచ్చినది. ప్రయోగశాలలోని లెక్క ఆనాడు వీధిలోకి వచ్చినది. 1990లలో అమెరికాలో జానీ గోల్డ్‌బెర్గ్ ప్రచారం చేసిన సామూహిక సైకిలు తరగతులు దానిని గదిలోకి తెచ్చినాయి.

అయితే గరిష్ఠ నాడి ఎంతో తెలిసేదెట్లు? వయస్సును 220 నుండి తీసివేయండి అని గోడమీద వ్రాసి ఉంటుంది. ఈ సూత్రానికి వేదప్రామాణ్యమేమీ లేదు. 1971 ప్రాంతంలో ఫాక్స్, హాస్కెల్ మొదలైన వైద్యులు అంతకుముందు వచ్చిన సుమారు పది అధ్యయనాల అంకెలను ఒక పటం మీద గుర్తించి, కంటికి సుమారుగా సరిపోయే గీత గీసినారు. అదే శాసనమై కూర్చున్నది. 2001లో తనాకా, ఆయన సహచరులు ఇంకా అనేక అధ్యయనాలను కలిపి, 208 నుండి వయస్సులో పదింట ఏడు వంతులు తీసివేయాలని సవరించినారు. నలభై ఏళ్ళవానికి రెండు సూత్రాలూ 180 అనే చెబుతాయి. అరవై అయిదు ఏళ్ళవానికి మొదటిది 155 అంటే రెండవది 162 పైచిలుకు అంటుంది. ఏ సూత్రమైనా సగటు మనిషిని గురించే. ఒకే వయస్సులోని ఇద్దరికి గరిష్ఠ నాడిలో పదేసి, ఇరవయ్యేసి కొట్టుకోళ్ళ తేడా ఉండడం వింత కాదు. రక్తపోటుకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారి నాడి ఎంత శ్రమించినా అంతగా పెరగదు. వారు గోడమీది అంకెను అందుకోవాలని ప్రయత్నించడం ప్రమాదకరం.

ఎండ మాట కూడ మరువరాదు. మన మెట్ట ప్రాంతపు మే మాసంలో దేహం చల్లబడడానికి రక్తం చర్మానికి పరుగెత్తుతుంది. చెమటతో నీరు తరుగుతుంది. అప్పుడు అదే పనికి గుండె మరిన్ని సార్లు కొట్టుకోవలసి వస్తుంది. మూసిన గదిలో కదలని సైకిలుకు ఎదురుగాలి ఉండదు. అందువల్ల చెమట ఆరదు. అరగంట తరువాత అంకె పెరిగినంత మాత్రాన పని పెరిగినట్టు కాదు. ఈ చిక్కు తెలిసినవారే ఇప్పుడు నాడితోపాటు పనిని కూడ వాట్లలో కొలుస్తున్నారు. ఇరవై నిమిషాలు నిలకడగా చేయగల గరిష్ఠ పనిలో నూటికి 95 పాళ్ళను, అనగా 200 వాట్లయితే 190ని, సుమారు గంటసేపు నిలబడగల అవధిగా గ్రహిస్తున్నారు.

కదలని సైకిలును, నాడిని కలిపి మన తెలుగునేలపై జరిగిన ఒక పరిశోధనను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలు 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనాయి. ఆ సంస్థలో కె. సత్యనారాయణ, ఆయన సహచరులు హైదరాబాదు పరిసర గ్రామాలలోని 14 నుండి 17 ఏండ్ల బాలురను పరీక్షించి 1979లో ఫలితాలను ప్రకటించినారు. ఆ బాలురు అయిదేళ్ళ వయస్సులో ఎలా ఉండినారో ముందే నమోదై ఉన్నది. వారిని నిలిపిన సైకిలుపై త్రొక్కించి, నాడి 170కి చేరేసరికి ఎవరు ఎంత పని చేయగలరో లెక్కగట్టినారు. పసితనంలో తిండి చాలక గిడసబారిన బాలుర పనిశక్తి, బాగా పెరిగినవారికన్న తక్కువగా కనిపించినది. దేహపు బరువే దీనికి ముఖ్యకారణమని తేలినది.

ఈ ఫలితాన్ని ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఇద్దరి నాడీ 170 కొట్టుకొంటున్నది. ఇద్దరూ సమానంగా చెమటోడుస్తున్నారు. ఒకనికి లభించిన పని ఎక్కువ, మరొకనికి తక్కువ. కూలి మాత్రం పనినిబట్టి ఇస్తారు గాని గుండె కొట్టుకొన్నదాన్నిబట్టి ఇవ్వరు కదా! రెండవవానిని సోమరి అని మేస్త్రీ అనవచ్చును. ఆ మాట తప్పని రుజువు చేసినది కదలని సైకిలు. పదేళ్ళ క్రిందట తల్లి వడ్డించలేకపోయిన అన్నం ఆనాటి లెక్కలో బయటపడినది. వ్యాయామానికై డబ్బు చెల్లించి గుండెను 170కి తెచ్చుకొనేవారు ఒకవైపు. బస్తాలు మోసి, రిక్షా లాగి, కోరకుండానే ఆ అంకెకు చేరినవారు మరొకవైపు. నాడి ఇద్దరి విషయంలోనూ ఒకే నిజం చెబుతుంది. ఇద్దరిలో విశ్రాంతిని ఎంచుకోగలిగినవాడు మాత్రం మొదటివాడే.

శిక్షణ ఫలించేది కూడ విశ్రాంతిలోనే. శ్రమావధి దగ్గర కొన్ని నిమిషాలు పనిచేసి, కొన్ని నిమిషాలు తేలికగా త్రొక్కి, మరల పైకి పోవడం ఈ తరగతుల పద్ధతి. రోజూ అవధిని తాకవలసిన పని లేదు. వారంలో ఎక్కువ దినాలు మాట సాగే శ్రమ, ఒకటి రెండు దినాలు మాట తెగే శ్రమ చాలును. కొత్తగా మొదలుపెట్టే నడివయస్సువారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని చూడాలి. రొమ్ములో నొప్పి, కళ్ళు తిరగడం, అలవాటులేని ఆయాసం కనిపిస్తే తెరమీది అంకె ఎంత ముచ్చటగా ఉన్నా వెంటనే ఆపివేయాలి.

సాధనాలు లేనివారు చింతించనక్కరలేదు. ఉదయం లేవగానే మంచం దిగకముందు బొటనవ్రేలి క్రింద మణికట్టుపై రెండు వ్రేళ్ళు ఆనించి, పదిహేను సెకనులు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. కొన్ని వారాల నడక తరువాత ఆ అంకె కొంచెం తగ్గితే గుండె బలపడుతున్నదనడానికి అది ఒక గుర్తు. ఏ కారణమూ లేకుండా ఒకనాడు బాగా పెరిగి కనిపిస్తే నిన్నటి శ్రమ ఎక్కువైనదేమో, జ్వరం రానున్నదేమో విచారించుకోండి. శ్రమించేటప్పుడు మాత్రం మీ మాటనే గమనించండి. పాడగలిగితే తేలిక. మాటాడగలిగి పాడలేకపోతే మధ్యమం. మాట కూడ తెగితే మీరు అవధిని సమీపించినట్టు. నేటి వైద్యులు సైతం ఈ పరీక్షను ఆదరిస్తున్నారు.

ఏతాము పాట తెగినప్పుడు మనిషిని మార్చిన రైతుకు లాక్టేటు పేరు తెలియదు. పడమటి గాలికి ఎదురుగా నందిగామ దారిలో మాట మానుకొన్న సైకిలు మనిషికి వాసర్‌మాన్ పేరు తెలియదు. కాని ఇద్దరికీ తమ హద్దు తెలుసు. అంకె వచ్చి ఆ తెలివిని కచ్చితం చేసినది, సంతోషమే. ఇక మీదట అంకెను చూసి ఊపిరిని మరచిపోకుండా ఉండడం మన వంతు.